ఆగమని చెప్పాల్సింది మీరే: బరువు మార్చ్‌ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

బరువు మోస్తూ నడిచే దూరపు మార్చ్‌లు నిర్వహించే పెద్దలకు, వాటి వైద్య బృందాలకు, దారిపొడవునా నిలబడే వాలంటీర్లకు,

నమస్కారం.

మీ దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల్లో ఒక హామీ ఉంటుంది. నా ఆరోగ్యానికి నేనే బాధ్యుణ్ని, అవసరమనిపిస్తే నడక ఆపేస్తాను అని. మామూలు మనిషి విషయంలో ఈ హామీ చెల్లుతుంది. మడమ మండితే ఆగుతాడు, కళ్లు బైర్లు కమ్మితే కూర్చుంటాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి అదే కాగితం మీద సంతకం పెడితే దాన్ని నమ్ముకోకండి. ఒళ్లు మొరాయించినా నడవడమే ఆయనకు ఏళ్లతరబడి నేర్పిన విద్య. అవసరం ఎప్పుడంటే, ఆయన లెక్కలో, పడిపోయినప్పుడే.

మేం మాజీ సైనికుల జీవిత భాగస్వాములం. మాలో భార్యలున్నారు, భర్తలున్నారు. కింద "ఆయన" అని రాసినచోటల్లా "ఆవిడ" అని కూడా చదువుకోండి. ఈ మార్చ్‌లు మానేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వెళ్లాలా వద్దా అన్న వాదన మా ఇళ్లలో మేం తేల్చుకుంటాం. బయల్దేరిన తర్వాత ఆయన మా చేతిలో ఉండరు, మీ చేతిలో ఉంటారు. ఎప్పుడు ఆపాలన్న నిర్ణయాన్ని ఒక్క నడిచేవాడికే వదిలేయకండి. మేం అడుగుతున్నది ఇంతే. దానికి ఏమేం కావాలో మాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాం.

స్మారక మార్చ్‌ల సంగతి ముందు. అమెరికాలోని న్యూ మెక్సికోలో, వైట్ శాండ్స్ క్షిపణి క్షేత్రంలో బటాన్ స్మారక మార్చ్ జరుగుతుంది. 1989లో మొదలైంది. పూర్తి దూరం 42 కిలోమీటర్లు, ఎత్తయిన ఎడారి నేల. బరువు విభాగంలో నడిచేవాళ్లు 35 పౌన్లు, అంటే దాదాపు 16 కిలోలు మొయ్యాలి. 1942 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్ ద్వీపకల్పంలో లొంగిపోయిన వేలాది ఫిలిపినో, అమెరికన్ సైనికులను జపాన్ సైన్యం తిండీ నీళ్లూ సరిగా ఇవ్వకుండా దాదాపు 105 కిలోమీటర్లు నడిపించింది. ఆ బందీల్లో న్యూ మెక్సికో నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. వాళ్ల జ్ఞాపకార్థమే ఈ నడక. అలాంటి దారిలో 30వ కిలోమీటరు దగ్గర ఒక మాజీ సైనికుడు "ఇక నావల్ల కాదు" అనడం ఎంత కష్టమో ఊహించండి. ఆగితే చనిపోయినవాళ్లను అవమానించినట్టని ఆయన అనుకుంటాడు. చొక్కా మీద తోటి సైనికుడి పేరు కుట్టించుకుని నడిచేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలు పరుగుపందెంలో లేని బరువు ఇది, తూకానికి అందదు. అందుకే పరుగుపందేలకు రాసుకున్న భద్రతా నియమాలను తెచ్చి ఇక్కడ పెడితే సరిపోవు.

దరఖాస్తుతోనే మొదలుపెడదాం. "ఏవైనా జబ్బులున్నాయా? అవును, కాదు" అన్న గడి వల్ల ఏమీ తెలియదు. మావాళ్లు "కాదు" దగ్గర టిక్కు పెట్టేస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, పీడకలలకు మాత్ర వేసుకోవడం వాళ్ల దృష్టిలో జబ్బు కాదు. మందుల పేర్లు అడగండి, మోతాదు అడగండి, ఎప్పుడు వేసుకుంటారో అడగండి. ఎందుకంటే ఈ మందుల్లో చాలావాటికి ఎండతోనూ నీళ్లతోనూ నేరుగా సంబంధం ఉంది.

యుద్ధానంతర మానసిక గాయానికి తరచుగా రాసే సెర్ట్రలిన్, పారోక్సెటిన్ లాంటివి కొందరిలో రక్తంలో సోడియాన్ని తగ్గిస్తాయి. దానికి తోడు గంటలతరబడి నీళ్లు తాగితే ఏమవుతుందో కింద చెబుతాం. పీడకలలకు రాత్రిపూట ఇచ్చే ప్రజోసిన్ వల్ల లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవచ్చు. ముగింపు గీత దాటి ఒక్కసారిగా ఆగినప్పుడు రక్తం కాళ్లలోనే నిలిచి కుప్పకూలే ప్రమాదం వీళ్లకు ఎక్కువ. ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని కట్టేస్తాయి కాబట్టి చేతి గడియారంలో 120 చూసి "బాగానే ఉన్నాడు" అనుకోవడం పొరపాటు. మూర్ఛలకు, పార్శ్వపు తలనొప్పికి ఇచ్చే టోపిరమేట్ చెమటను తగ్గిస్తుంది. నిద్రకోసం ముందురోజు రాత్రి వేసుకునే డైఫెన్‌హైడ్రమిన్ కూడా అంతే. మనసు స్థితి విపరీతంగా మారకుండా ఇచ్చే లిథియం వాడేవాళ్ల ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదస్థాయికి పెరుగుతుంది. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్లు కండరాలు దెబ్బతినే అవకాశాన్ని పెంచుతాయి. రక్తపోటుకు వాడే నీటి మాత్రల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడో హెచ్చరిక కూడా అచ్చు వేయించండి: మార్చ్ కోసమని మాత్రలు సొంతంగా ఆపొద్దు. "ఒళ్లు శుభ్రంగా ఉండాలి" అని నాలుగు రోజుల ముందు అన్నీ మానేసేవాళ్లు ఉంటారు. పారోక్సెటిన్ హఠాత్తుగా మానేస్తే తల తిరుగుడు, వాంతులు, చిరాకు పట్టుకుంటాయి. బీటా బ్లాకర్ హఠాత్తుగా మానేస్తే గుండె మీద ఒత్తిడి ఎదురుతిరిగి పెరుగుతుంది. మార్పులేమైనా చేస్తే మందు రాసిన వైద్యుడే, కొన్ని వారాల ముందే చెయ్యాలి.

ఆ ఫారంలోనే ఇంకో గడి కావాలి. దాన్ని నింపాల్సింది ఆయన కాదు, ఇంట్లోవాళ్లు. "మామూలు రోజున ఈ మనిషి తీరు ఎలా ఉంటుంది?" ఇది మాకు చాలా ముఖ్యం. పేలుడులో తలకు దెబ్బ తగిలినవాళ్లు కొందరు ఎప్పుడూ ఆలస్యంగా జవాబిస్తారు, తేదీ అడిగితే తడబడతారు, ఒక చెవి వినిపించదు. దారిలో వైద్యుడు "ఈరోజు ఏ వారం?" అని అడిగి, జవాబు తప్పితే వడదెబ్బ అనుకోవచ్చు. దానికి తలకిందులుగా కూడా జరగొచ్చు. ఎప్పుడూ చమత్కారంగా మాట్లాడే మనిషి ముక్తసరిగా "బానే ఉన్నా" అంటే మాకు గుండె గుభేలుమంటుంది, మీ వాలంటీరుకు అది మామూలు జవాబులాగే వినిపిస్తుంది. మూడు వాక్యాలు చాలు: మాట వేగం, వినికిడి, కోపం వస్తే ఎలా ఉంటాడు. బిబ్ నంబరు, అంటే ఛాతీ మీద తగిలించుకునే పోటీ నంబరు, కొడితే ఆ మూడు వాక్యాలూ ప్రతి వైద్య పోస్టులోనూ కనబడాలి.

కాలిన గాయాల మచ్చలు, చర్మం అతికించిన చోట్లు ఎంతమేర ఉన్నాయో కూడా అడగాలి. అతికించిన చర్మానికి చెమట పట్టదు. వీపు సగం అలా ఉన్న మనిషి మిగతా సగంతోనే ఒళ్లంతా చల్లబరచుకోవాలి. పైగా ఆ వీపు మీదే బ్యాగు. కృత్రిమ కాలుతో నడిచేవాళ్లకు కూడా వేడిని వదిలే చర్మం తక్కువే, నడకకు ఖర్చయ్యే శక్తి ఎక్కువ. మొండికాలికి తొడిగే మెత్తటి తొడుగు, అంటే లైనర్, చెమటకు జారుతుంది, మొండికాలు పరిమాణం గంటగంటకూ మారుతుంది, సాక్సులు తీసి వేసి సరిచేసుకోవాలి. దానికి కావలసింది చేతులున్న కుర్చీ, నీడ, పొడి తువ్వాలు, ముందే పంపిన విడి లైనర్ల సంచి. ఇవి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. లేకపోతే ఆయన నేలమీద కూర్చుని ఇసుకలో ఆ పని చేస్తాడు. లైనర్‌లోకి పోయిన నాలుగు ఇసుక రేణువులు పది కిలోమీటర్లలో చర్మాన్ని చీల్చేస్తాయి.

బరువు గురించి. అందరికీ ఒకే బరువు పెట్టడంలో పోటీ న్యాయం ఉండొచ్చు, ఒంటి న్యాయం లేదు. 80 కిలోల మనిషికి 16 కిలోలంటే అయిదో వంతు. 55 కిలోల మనిషికి అదే బరువు ఇరవై తొమ్మిది శాతం. నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో 1909 నుంచి నడుస్తున్న నాలుగు రోజుల మార్చ్‌లో సైనికులు రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నడుస్తారు. అక్కడ మొయ్యాల్సింది 10 కిలోలు. ఎక్కువ రోజులంటే తక్కువ బరువన్న లెక్క అందులో ఉంది.

తూకం వేసే పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది, చాలామంది నిర్వాహకులకు అది తట్టదు. ముగింపు దగ్గర తూచేటప్పుడు బ్యాగులోని నీళ్లను కూడా బరువులో కలిపారనుకోండి. తాగేకొద్దీ తూకం తగ్గుతుంది. ఆఖరి పది కిలోమీటర్లలో, సరిగ్గా ఎండ ముదిరిన వేళ, నీళ్లున్నా తాగకుండా మోసుకొచ్చేవాళ్లను మీ నియమమే తయారుచేస్తోంది. నీళ్లు, తిండి తీసేసి మిగిలిన బరువునే తూచండి. ఇంకోటి, వైద్యుడు బ్యాగు దించమంటే దించినవాళ్లు పోటీ నుంచి తప్పుకున్నట్టు కాకుండా, బరువులేని విభాగంలోకి మారి నడక పూర్తిచేసే వీలుండాలి. "అంతా లేదా ఏమీ లేదు" అని పెడితే మావాళ్లు ఎప్పుడూ అంతా అనే అంటారు.

బ్యాగు పట్టీ భుజం మీద నరాల కట్టను నొక్కితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది, తర్వాత పట్టు సడలుతుంది. కొందరికి భుజపు ఎముక వీపునుంచి రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది. వారాల తరబడి తగ్గదు. నడుం పట్టీ సరిగా బిగించి బరువులో ఎక్కువ భాగం తుంటి మీదికి దింపితే ఈ ముప్పు చాలా తగ్గుతుంది. సైన్యంలో ఇచ్చిన పాత బ్యాగుతోనే నడుస్తానని పట్టుబట్టేవాళ్లలో కొందరి బ్యాగులకు నడుం పట్టీ ఉండదు, లేదా కోసేసి ఉంటుంది. ప్రారంభానికి ముందు బరువు తూచేవాళ్లే ఆ పట్టీని కూడా చూడొచ్చు.

సాధన గురించి మీరు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: గత నెలలో, ఇదే బరువుతో, ఒక్క నడకలో నడిచిన ఎక్కువ దూరం ఎంత? 42 కిలోమీటర్ల మార్చ్‌కు కనీసం 28 అయినా నడిచి ఉండాలని మా లెక్క. "సైన్యంలో ఉన్నప్పుడు నడిచాను" అన్నది జవాబు కాదు. అది పదిహేనేళ్ల కిందటి మోకాలు. సాధనలో దూరం, బరువు, వేగం మూడింట్లో వారానికి ఒక్కటే పెంచాలి. ఊపిరి, కండ త్వరగా పుంజుకుంటాయి, ఎముక వెనకబడుతుంది. అందుకే "ఒంట్లో సత్తువ వచ్చేసింది" అనిపించిన వారాల్లోనే పాదం ఎముకలు చిట్లుతుంటాయి. ఈ చిట్లును మార్చ్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. 1855లోనే ఒక ప్రష్యన్ సైనిక వైద్యుడు కవాతు చేసే సిపాయిల వాచిన పాదాల గురించి రాసిపెట్టాడు. పాదంలో ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే అనుమానించాలి. గజ్జల్లో నొప్పి, ఆ కాలి మీద గెంతలేకపోవడం అంతకంటే ప్రమాదం. తుంటి ఎముక మెడ దగ్గర చిట్లి ఉండొచ్చు. ఆ స్థితిలో మరో పది కిలోమీటర్లు బరువుతో నడిస్తే అది పూర్తిగా విరిగి జారిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. ప్రతి పోస్టులోనూ "ఒంటికాలి మీద మూడుసార్లు గెంతండి" అని అడగడానికి పది సెకన్లు చాలు. బ్యాగు దించాకే అడగండి.

బొబ్బల గురించి పెద్దగా చెప్పం, మీకు మాకంటే బాగా తెలుసు. తడి, వేడి, రాపిడి, ఈ మూడే. కొత్త బూట్లు వద్దు, పొడి సాక్సులు మార్చుకోవాలి, మంట మొదలైన చోట బొబ్బ లేవకముందే టేపు వెయ్యాలి. బొబ్బ వచ్చాక నడక మారుతుంది, నడక మారాక మోకాలు చెడుతుంది.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం మీ వాలంటీర్ల మీద ఫిర్యాదు ఉంది. దయతో ఇచ్చే ఇబుప్రొఫెన్ మందు కాదు, ఆ పూటకు విషంతో సమానం. 80 కిలోమీటర్ల పరుగుల్లో పాల్గొన్నవాళ్ల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు గంటలకొకసారి 400 మిల్లీగ్రాముల ఇబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్నట్టు తేలింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 34 శాతం. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలకు రక్తం అందక ఇబ్బందిపడే వేళ, ఈ మాత్ర ఆ వచ్చే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. పైగా నొప్పి కనిపించకుండా చేస్తే చిట్లిన ఎముక మీదే నడుస్తారు. పోస్టుల్లో ఆ మాత్ర ఉంచకండి. తెచ్చుకున్నవాళ్ల బ్యాగులోదేం చెయ్యలేరు, కానీ బోర్డు మీద రాయగలరు.

ఇక నీళ్లు. "తాగండి, ఇంకా తాగండి" అని ప్రతి పోస్టులో అరవడం మంచిదనుకుంటారు. సైనికులకు ఈ అరుపు అలవాటు, ఆజ్ఞగా తీసుకుంటారు, దాహం లేకపోయినా సీసా ఖాళీ చేస్తారు. నెమ్మదిగా, ఎక్కువ గంటలు నడిచేవాళ్లలో ప్రమాదం తక్కువ నీళ్ల వల్లే కాదు, ఎక్కువ నీళ్ల వల్ల కూడా. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే మొదట కడుపులో వికారం, తలనొప్పి, ఉబ్బిన వేళ్లు, బిగుసుకున్న ఉంగరం కనిపిస్తాయి. ఇంకా తగ్గితే మెదడు వాచి అయోమయం, మూర్ఛలు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. ముఖ్యంగా పరుగులో ఒంటి బరువు పెరిగినవాళ్లలో. అమెరికా సైన్యమే తన సైనికులకు గంటకు ఒకటిన్నర క్వార్టుకు, అంటే సుమారు 1.4 లీటర్లకు మించి తాగొద్దని పరిమితి పెట్టుకుంది. అదీ గరిష్ఠం, లక్ష్యం కాదు. చాలామందికి దాహాన్ని బట్టి గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్లు చాలు.

ఒక తూకం యంత్రం ప్రారంభంలో, ఇంకోటి సగం దారిలో పెట్టండి. బ్యాగు దించి, అవే బట్టలతో నిలబెట్టండి. బరువు కొద్దిగా తగ్గడం మామూలే. బరువు పెరిగి, పైగా వికారంగా ఉందంటే నీళ్లు ఆపించాలి, పోస్టులోనే కూర్చోబెట్టాలి, సోడియం పరీక్షించాలి. అలాంటి మనిషిని చూసి "డీహైడ్రేషన్" అనుకుని మామూలు సెలైన్ సీసాలు ఎక్కించేస్తే పరిస్థితి ఇంకా విషమించవచ్చు. మూర్ఛ, అయోమయం ఉన్నవాళ్లకు కావలసింది 3 శాతం ఉప్పు ద్రావణం, 100 మిల్లీలీటర్లు. అవసరమైతే పది నిమిషాల తేడాతో మరో రెండుసార్లు. మీ వైద్య పెట్టెలో అది ఉందా? ముందు ఇదొక్కటి చూసుకోండి.

ఎండ దగ్గరికి వస్తే, ఉష్ణోగ్రత ఒక్కటీ చూసి నిర్ణయాలు తీసుకోకండి. నీడలో 31 డిగ్రీలుండి గాలి తేమగా, ఎండ సూటిగా ఉంటే 38 డిగ్రీల పొడి గాలి కంటే ప్రమాదం కావచ్చు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ (తడి బల్బు), నల్ల గోళంలో పెట్టిన థర్మామీటర్, మామూలు థర్మామీటర్ (పొడి బల్బు) చూపే కొలతలను 70, 20, 10 శాతం చొప్పున కలిపి లెక్కకట్టే ఎండ సూచీ ఉంది. సైన్యాలు వాడేది అదే, చేతిలో పట్టే పరికరాలు దొరుకుతాయి. అమెరికా సైన్యపు పట్టికలో ఆ సూచీ 90 ఫారన్‌హీట్, అంటే 32.2 సెల్సియస్ చేరితే నల్ల జెండా, అన్నిటికంటే ఎక్కువ ప్రమాదస్థాయికి గుర్తు. తేమ వాతావరణంలో ఛాతీకవచం తొడిగితే లెక్కకు మరో 5 ఫారన్‌హీట్ డిగ్రీలు కలపాలి. ఆ పట్టిక యువకులైన, ఎండకు అలవాటుపడ్డ సైనికుల కోసం. యాభై దాటిన, ఏసీ గదిలో పనిచేస్తున్న మాజీ సైనికుడికి అది ఒక మెట్టు కిందికి దించి చదవాలి. ఎండకు ఒళ్లు అలవాటుపడాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు రోజూ ఎండలో కదలాలి. చల్లని ఊరినుంచి ముందురోజు విమానం దిగినవాళ్లకు అది ఉండదు. పరికరం ప్రారంభ వేదిక దగ్గర ఒకటి, దారిలో గాలి ఆడని పల్లంలో ఒకటి పెట్టండి. రెండింటికీ తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

నైమెగన్‌లో 2006 జులైలో మొదటిరోజే ఎండకు ఇద్దరు చనిపోయారు. మిగతా రోజులు రద్దుచేశారు. అంతపెద్ద మార్చ్‌ను ఆపగలిగారంటే ఆపడం సాధ్యమే అన్నమాట. అయితే ఏ సూచీ దగ్గర దూరం తగ్గిస్తారు, ఏ సూచీ దగ్గర బ్యాగులు దింపిస్తారు, ఏ సూచీ దగ్గర రద్దుచేస్తారు అన్న మూడు అంకెలూ దరఖాస్తుతో పాటే ప్రకటించండి. అప్పటికప్పుడు నిర్ణయిస్తే వేలమంది టికెట్లు, హోటళ్లు, దాతలు మీ గొంతుమీద కూర్చుంటారు.

వడదెబ్బ తగిలిన మనిషి విషయంలో గుర్తుపెట్టుకోవలసిన వరస ఒక్కటే: ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి తరలించాలి. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట, నడక, ప్రవర్తన మారితే అది వడదెబ్బే. చెమట పట్టి ఉన్నా సరే. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అన్నది పాత నమ్మకం, నడుస్తూ పడిపోయేవాళ్లు చాలామంది చెమటలో తడిసే ఉంటారు. నుదుటి మీద, చెవిలో పెట్టే థర్మామీటర్లు ఇక్కడ పనికిరావు, గుద ఉష్ణోగ్రతే నిజం చెబుతుంది. దానికి తెర కట్టిన చోటు కావాలి, సిగ్గుపడని వైద్యుడు కావాలి. తొట్టెలో మంచునీళ్లు పోసి మెడదాకా ముంచి, నీళ్లు కలియబెడుతూ, తడిగుడ్డ తలమీద వేస్తే దాదాపు అయిదు నిమిషాలకొక డిగ్రీ చొప్పున దిగుతుంది. 39కి చేరగానే బయటికి తియ్యాలి. పడిపోయిన అరగంటలోపు ఇది జరగాలి. అమెరికాలోని ఫాల్మౌత్‌లో ఆగస్టు ఎండలో జరిగే రోడ్డు పరుగులో 18 ఏళ్లలో 274 వడదెబ్బ కేసులకు ఇలా మంచునీళ్లతోనే వైద్యం చేశారు. అందరూ బతికారు.

తొట్టె ముగింపు దగ్గర ఒక్కటే పెడితే చాలదు. 30వ కిలోమీటరులో పడ్డ మనిషిని జీపులో ఎక్కించి తెచ్చేసరికి ఆ అరగంట అయిపోతుంది. దూరపు పోస్టుల్లో కనీసం ఒక టార్పాలిన్, వంద నూటయాభై లీటర్ల నీళ్లు, మంచుపెట్టెలు ఉంచండి. మనిషిని మధ్యలో పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తిపట్టి, నీళ్లు మంచు పోసి ఊపుతుంటే తొట్టె పనే చేస్తుంది. ముందురోజు సాయంత్రం వాలంటీర్లతో ఒక్కసారి అభ్యాసం చేయించండి. అంచులు ఎంత ఎత్తు పట్టాలో చేస్తేగాని తెలియదు, కిందికి దిగితే నీళ్లన్నీ కారిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి: ఆపడం ఎలా?

మొదటిది, చూపు. బూటు లేసుకు కట్టిన టైమింగ్ చిప్ ఇప్పుడు ఫలితాల పట్టిక కోసమే వాడుతున్నారు. అది వైద్య పరికరం కూడా. 12 నిమిషాలకొక కిలోమీటరు నడుస్తున్న మనిషి, అదే చదును నేలమీద, హఠాత్తుగా 17 నిమిషాలకు పడిపోతే తెరమీద ఎర్రగా వెలగాలి. తర్వాతి పోస్టులో ఎవరో ఒకరు ఆ నంబరు కోసం ఎదురుచూడాలి. రెండు పోస్టుల మధ్య రావాల్సిన సమయానికి అరగంట దాటితే వెతకడానికి సైకిల్ మీద మనిషి వెళ్లాలి.

రెండోది, మాట. "మీరు ఆగాలనుకుంటున్నారా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు మాజీ సైనికుడి దగ్గర జవాబు ఒక్కటే. "ఆగండి సార్, బ్యాగు దించండి, ఈ కుర్చీలో పది నిమిషాలు. వైద్యాధికారి ఆదేశం." ఇలా చెప్పండి. బతిమాలితే వినని మనిషి ఆదేశానికి కూర్చుంటాడు, ఎందుకంటే ఆగిపోయింది తను కాదు, ఆపింది మీరు. ఆ తేడా ఆయనకు ఎంత పెద్దదో మాకు తెలుసు. పది నిమిషాల తర్వాత లేచి తిన్నగా ఇరవై అడుగులు నడిపించి, మాట్లాడించి, పంపాలో ఆపాలో తేల్చండి. ఆ తేల్చేవాళ్లు పోటీ నిర్వాహకులకు జవాబు చెప్పుకోవలసినవాళ్లు కాకూడదు. వైద్యాధికారి మాటను మార్చే అధికారం మార్చ్ డైరెక్టరుకు కూడా ఉండకూడదని నియమావళిలో రాయండి. భుజం పట్టుకుని లాగొద్దు, వెనకనుంచి తాకొద్దు. ముందునుంచి వచ్చి, కనబడి, పేరుపెట్టి పిలవండి.

మూడోది, జోడీ. ఒంటరిగా నమోదైనవాళ్లను ఇద్దరిద్దరుగా కలపండి. జోడీలో ఒకరు ఆగితే రెండోవాళ్లు కూడా పోటీ నుంచి పోతారన్న నియమం మాత్రం పెట్టకండి. తోటివాడి పతకం పోతుందని రెండోవాడు నొప్పి దాస్తాడు.

నాలుగోది, ఆగినవాళ్లను తీసుకెళ్లే బండి. దానిమీద వెటకారపు పేర్లు రాయొద్దు. ముగింపు దగ్గర అందరూ చప్పట్లు కొట్టేచోట వాళ్లను దింపొద్దు. పక్క గేటు దగ్గర దింపండి, అక్కడ మేం ఉంటాం. అయితే వాళ్లు ఎంతదూరం నడిచారో రాసిన కాగితం ఇవ్వండి. తోటివాడి పేరుతో 33 కిలోమీటర్లు నడిచిన మనిషి ఉత్తచేతులతో ఇంటికి రాకూడదు.

చిన్న విషయంలా కనిపించేది ఒకటి. ప్రారంభానికి ఫిరంగి పేలుస్తారా, హెలికాప్టర్ తిప్పుతారా, పొగబాంబులు వాడతారా? ఏ నిమిషానికి, ఎటువైపు అన్నది ముందురోజు చెప్పండి. తెలిసి విన్న చప్పుడుకు, తెలియక విన్న చప్పుడుకు చాలా తేడా. కావాలనుకున్నవాళ్లు పది నిమిషాలు ఆలస్యంగా, ఆ హడావుడి అయ్యాక బయల్దేరే వీలు కల్పించండి. చిప్ ఉంది కాబట్టి సమయం లెక్కకు ఇబ్బంది లేదు.

ముగింపు గీత దాటాక మీ పని అయిపోయిందనుకుంటారు. మాది అప్పుడే మొదలవుతుంది. దాటినవాళ్లను హఠాత్తుగా నిలబెట్టి ఫొటోలు తియ్యకండి, ఇంకో రెండొందల మీటర్లు నెమ్మదిగా నడిచే దారి పెట్టండి. కుప్పకూలితే పడుకోబెట్టి కాళ్లెత్తండి. రెండు నిమిషాల్లో తేరుకోకపోతే అది మామూలు అలసట కాదు. ఉష్ణోగ్రత, సోడియం చూడాలి. ఆ రాత్రి వాళ్లు బండి నడపకూడదని, మేమే నడపాలని, ఇద్దరికీ చెప్పండి. మేం చెబితే వినరు.

కండరం చితికితే దాని గుర్తులు రక్తంలో ఒకటి నుంచి మూడు రోజుల్లో పతాకస్థాయికి చేరతాయి, అంటే మీ వైద్య గుడారం విప్పేశాక. అందుకే పతకంతో పాటు మాకో కార్డు ఇవ్వండి. మూత్రం కారు టీ డికాక్షన్ రంగులోకి మారినా, తొడలు ముట్టుకోనివ్వనంతగా వాచి గట్టిపడ్డా, మూత్రమే రాకపోయినా, తలనొప్పి వాంతులతో మాట తడబడినా, ఒక్క పిక్కే వాచి ఊపిరి అందకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలని అందులో ఉండాలి. నడిచిన దూరం, మోసిన బరువు, ఆరోజు ఎండ సూచీ, దారిలో ఇచ్చిన మందులు దాని వెనక ముద్రించండి. అవతలి డాక్టరు "నిన్న ఏం చేశారు?" అని అడిగితే ఆయన "కొంచెం నడిచాను" అంటాడు. ఆ కార్డు చూపిస్తాం.

మూడురోజులపాటు ఎవరో ఒకరు ఎత్తే ఫోను నంబరు కూడా దానిమీదే ఉండాలి. నెలలపాటు తెల్లవారుజామున లేచి సాధన చేసిన మనిషికి మార్చ్ అయిన తర్వాతి వారం ఇల్లంతా ఖాళీగా అనిపిస్తుంది, నిద్ర మళ్లీ చెడుతుంది. ఆ వారంలో మీ దగ్గరినుంచి ఒక పలకరింపు, మాజీ సైనికుల మానసిక సహాయ కేంద్రం నంబరు ఒకటి వస్తే చాలు.

వచ్చే మార్చ్ దరఖాస్తులు తెరవకముందే ఇంటివాళ్లు నింపే గడి, మందుల పట్టిక, మూడు ఎండ అంకెలు, వైద్యాధికారి అధికారం, ఈ నాలుగింటికి మీ నియమావళిలో చోటు ఇస్తారో లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఇవ్వకపోతే ఎందుకివ్వలేరో కూడా రాయండి. ఫారం ముసాయిదాలు, ఇంట్లోవాళ్లు నింపే ప్రశ్నలు తయారుచేసి ఇవ్వడానికి, ముందురోజు టార్పాలిన్ అభ్యాసంలో అంచులు పట్టుకోవడానికి మేం సిద్ధం.

ఇట్లు,
మార్చ్‌కు వెళ్లే మాజీ సైనికుల భార్యలు, భర్తలు